డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగితే మేమేం చేయాలి?

సంపాదకుల వారికి నమస్కారం.

మదనపల్లె చుట్టుపక్కల తోటల నుంచి మండీకి టమాటా తోలే పికప్ బండి నాది. సొంత బండి, డ్రైవర్నీ నేనే, సీజన్లో మాత్రం ఒక కుర్రాణ్ణి పెట్టుకుంటాను. ఈమధ్య మీ పేపర్లో లోడు బండ్ల తనిఖీల గురించి, పొగ గురించి, ఓవర్‌లోడ్ జరిమానాల గురించి వరసగా వార్తలు వస్తున్నాయి. మాలాంటివాళ్లం బండ్లను పట్టించుకోమనీ, ఇష్టమొచ్చినట్టు మార్పులు చేయిస్తామనీ వాటి సారాంశం. అందులో నిజం ఉంది, కాదనను. కానీ బండి అమ్మినవాళ్లు, అప్పిచ్చినవాళ్లు, రిజిస్టర్ చేసినవాళ్లు, వీళ్లలో ఒక్కరు కూడా ఈ కొత్త రకం బండిని ఎలా చూసుకోవాలో మాకు అర్థమయ్యే మాటల్లో చెప్పలేదు. ఆ సంగతి ఎవరూ రాయడం లేదు కాబట్టి నేనే రాస్తున్నాను. కొంచెం పొడుగైనా పూర్తిగా వేయమని మనవి.

నా పాత బండి 2012 మోడల్. పదేళ్లు నడిపాను. దానికి ఏ జబ్బు వచ్చినా మా ఊరి చింతచెట్టు కింద మెకానిక్ చెవి పెట్టి వినేవాడు, నాజిల్ అనో పంపు అనో చెప్పేవాడు, నాలుగు స్పానర్లతో సాయంత్రానికి బండి రోడ్డెక్కేది. 2022లో అది అమ్మేసి, ఫైనాన్స్ పెట్టి కొత్తది తీసుకున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను మాట్లాడిన ఏ కంపెనీ బండి ఓనరైనా ఇదే కష్టం చెప్పాడు. బీఎస్ అంటే బండి పొగ ఎంతవరకు ఉండొచ్చో చెప్పే ప్రభుత్వ హద్దు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 బండ్లే అమ్మాలని సుప్రీంకోర్టు చెప్పాక, బీఎస్-4 నుంచి మధ్యలో ఐదు లేకుండా నేరుగా ఆరుకు వెళ్లిపోయాం. డీజిల్ కూడా మారింది, గంధకం 50 పీపీఎం (పది లక్షల పాళ్లలో 50) నుంచి 10కి తగ్గింది. మంచి పనే. డీజిల్ కార్ల లెక్క చూస్తే మసి పరిమితి కిలోమీటరుకు 25 మిల్లీగ్రాముల నుంచి నాలుగున్నరకు దిగింది. తెల్లారుజామున మండీలో వందల బండ్లు స్టార్టింగ్‌లో ఉంటే ఆ పొగలో నిలబడి కాయ ఏరే ఆడవాళ్లను రోజూ చూసేవాణ్ణి నేను, ఈ మార్పు వద్దని ఎలా అంటాను?

అయితే బండి లోపల ఏం మారిందో చెప్పలేదు. డెలివరీ రోజు పూలదండ వేశారు, నిమ్మకాయలు తొక్కించారు, ఫొటో తీశారు, తాళాలు చేతిలో పెట్టారు. ఒక లావుపాటి పుస్తకం ఇచ్చారు, అందులో ఇంగ్లీషు, హిందీ ఉన్నాయి, తెలుగు లేదు. సైలెన్సర్ లైన్లో డీపీఎఫ్ అని ఒక డబ్బా ఉంటుంది, అది మసిని జల్లెడలా పట్టి దాచుకుంటుంది, నిండాక దాన్ని తనే కాల్చుకోవాలి, అలా కాలాలంటే బండి కొంత సేపు ఆగకుండా మంచి వేగంతో పరుగెత్తాలి అని ఒక్క మాట, ఒకే ఒక్క మాట ఆ రోజు చెప్పి ఉంటే నాకు ఈ లేఖ రాసే పని ఉండేది కాదు.

మా పని ఎలా ఉంటుందో చెబుతాను. కురబలకోట వైపు తోటలోకి మట్టిదారిలో ఫస్టు, సెకండు గేర్లలో వెళ్లాలి. కాయ ఎక్కేదాకా గంట, గంటన్నర ఆగాలి. పది పన్నెండు కిలోమీటర్లు వచ్చి మండీ గేటు దగ్గర క్యూలో నిలబడాలి, అక్కడ ఇంజన్ ఆపకుండా ముందుకు కొంచెం కొంచెం జరుపుతూ ఉంటాం. అన్‌లోడ్ అయ్యాక మళ్లీ అదే తోట. ఇలా రోజుకు మూడు ట్రిప్పులు కొడితే ఇంజన్ గంటలు గంటలు తిరుగుతుంది గానీ సైలెన్సర్ మాత్రం ఒక్కసారి కూడా సరిగ్గా వేడెక్కదు. మసి కాలాలంటే అక్కడ 600 డిగ్రీల దాకా వేడి కావాలి. ఆ వేడి కోసం ఇంజన్ తనంతట తానే కొంచెం ఎక్కువ డీజిల్ వదులుతుంది. సరిగ్గా అప్పుడే మనం తోటలో తాళం తిప్పి ఆపేస్తాం. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు, నెలల తరబడి.

2023 జూలైలో, టమాటా కిలో 150 దాటి దేశమంతా మా మదనపల్లె పేరు మోగిపోతున్న రోజుల్లో, నా డ్యాష్‌బోర్డు మీద పసుపు లైటు వెలిగింది. చిన్న డబ్బా, లోపల చుక్కలు ఉన్న బొమ్మ. మా కుర్రాడు "అన్నా, అది అంతే, రెండు రోజులు వెలిగి పోతుంది" అన్నాడు. నేనూ వదిలేశాను, ఆ రేటుకి ఒక్క ట్రిప్పు మానుకునే ధైర్యం ఎవరికుంటుంది? నాలుగో రోజుకి లైటు మిణుకు మిణుకు అనడం మొదలుపెట్టింది, పక్కన ఇంజన్ బొమ్మ లైటు కూడా వచ్చింది. ఐదో రోజు లోడుతో గడ్డ ఎక్కుతుంటే బండి లాగడం మానేసింది. యాక్సిలేటర్ నేలకు ఆనించి తొక్కినా 30 దాటలేదు. వెనక హారన్లు, పైన ఎండ, తొట్టిలో రైతు రెక్కల కష్టం. ఇంకో బండి పిలిపించి క్రేట్లు మార్చేసరికి మండీలో వేలంపాట అయిపోయింది. ఆ రైతు నన్ను ఒక్క మాట అనలేదు, క్రేట్ల పక్కన కూర్చుండిపోయాడు. ఆ మనిషి ముఖం నాకింకా కళ్ల ముందే ఉంది.

ఆ సాయంత్రం బండి పక్కన పెట్టి ఆయిల్ గేజి లాగి చూశాను. ఎప్పుడూ పై గీత కింద ఉండే ఆయిల్ గీత దాటి వేలెడు పైకి ఉంది. నేను పోయలేదు, ఎవరూ పోయలేదు. రెండు వేళ్ల మధ్య రాస్తే జిగట లేదు, నీళ్లలా జారిపోతోంది, వాసన చూస్తే డీజిల్. మసి కాల్చడానికి వదిలిన డీజిల్, మధ్యలో ఆపేసినప్పుడల్లా సిలిండర్ గోడల మీదుగా కిందికి దిగి ఆయిల్‌లో కలిసిందన్నమాట. ఇంకో నెల అలాగే తోలి ఉంటే బేరింగులు, టర్బో పోయేవి. ఆయిల్ తగ్గితే భయపడాలని మా నాన్న కాలం నుంచి తెలుసు, పెరిగితే భయపడాలని నాకు ఎవరు చెప్పారు?

సర్వీస్ సెంటర్‌కి కట్టి లాక్కెళ్లాల్సి వచ్చింది. ల్యాప్‌టాప్ తగిలించి, బండిని నిలబెట్టే ముప్పావు గంట రేసింగ్‌లో ఉంచి మసి కాల్చారు. ఆయిల్, ఫిల్టర్ మార్చారు. అన్నీ కలిపి 11 వేలు, మూడు రోజులు కిరాయి పోయింది, కంతు మాత్రం ఆగలేదు. ఇంకోసారి ఇలా అయితే డీపీఎఫ్ డబ్బా మార్చాలి, లక్ష దాటుతుంది అని చెప్పి పంపారు. ఎందుకు ఇలా అయిందో చెప్పమని మూడుసార్లు అడిగితే అక్కడి కుర్రాడు ఒకడు బయటికి వచ్చి, టీ కొట్టు దగ్గర నిలబడి, ఐదు నిమిషాల్లో అంతా చెప్పాడు. నేను పైన రాసిందంతా ఆ ఐదు నిమిషాల్లో నేర్చుకున్నదే. దానికి ఏడాది ఆలస్యమైంది.

ఇప్పుడు నా తోటి ఓనర్లకు ఒక మాట. ఆ వారమే నాకు ఒకాయన ఫోన్ చేశాడు, 15 వేలిస్తే ఆ డబ్బా కోసి లోపలి జల్లెడ తీసేసి, కంప్యూటర్‌లో లైటు రాకుండా చేస్తానన్నాడు. లక్ష ఎక్కడ, 15 వేలెక్కడ, ఆ రాత్రి నిజంగా ఊగిసలాడాను. చేయించలేదు. బయటికి డబ్బా ఉన్నట్టే ఉంటుంది, పొగంతా మనుషుల మీదికి పోతుంది. వారంటీ పోతుంది. రేపు ఎఫ్‌సీకి, అంటే బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ పరీక్షకు వెళ్తే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు ఏం చెబుతాం? కొత్త బండికి మొదటి ఎనిమిదేళ్లు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఎఫ్‌సీ ఉంటుంది, అన్నిసార్లూ తప్పించుకోలేం. పైగా తీయాల్సిన అవసరమే లేదు. పసుపు లైటు నిలకడగా వెలిగినప్పుడు బండిని మంచి రోడ్డు ఎక్కించి, 50, 60 స్పీడులో ఆపకుండా ఇరవై నిమిషాలు తోలితే చాలావరకు అదే ఆరిపోతుంది. నేను ఇప్పుడు వారానికోసారి పుంగనూరు రోడ్డు మీద అలా తోలుతున్నాను, వీలైతే అటు ఏదో ఒక కిరాయి చూసుకునే వెళ్తాను. లైటు మిణుకుమిణుకుమంటే మాత్రం ఇంక తోలకండి, సర్వీసుకు తీసుకెళ్లండి. మసి కాలుతున్నప్పుడు సైలెన్సర్ కింద విపరీతమైన వేడి ఉంటుంది, బండిని ఎండుగడ్డి మీద, వేరుశనగ కట్టె మీద ఆపకండి, అంటుకుంటుంది.

ఇంజన్ ఆయిల్ కూడా పాత రకం పోయకూడదు. బీఎస్-6కి బూడిద తక్కువ వదిలే ఆయిల్ వేరే ఉంటుంది, డబ్బా మీద చూసి కొనాలి. మసి కాలుతుంది గానీ బూడిద కాలదు, జల్లెడలో అలాగే ఉండిపోతుంది. లీటరుకు నూట యాభయ్యో రెండు వందలో మిగిలిందని పాత ఆయిల్ పోయిస్తే లక్ష రూపాయల డబ్బాను మన చేత్తో మనమే మూసేసినట్టు. క్యాన్లలో, డ్రమ్ముల్లో నిల్వ ఉంచిన డీజిల్ పోయకండి, ఫిల్టర్ కింద నీళ్లు దిగే స్క్రూ ఉంటుంది, నెలకోసారి విప్పి వదలండి. ఈ ఇంజన్లలో డీజిల్ వెయ్యి బార్లకు పైగా ఒత్తిడితో కొడుతుంది, కారు టైరులో గాలి రెండు బార్లు ఉంటుంది, తేడా చూసుకోండి. కొద్దిపాటి నీళ్లు కలిసినా ఇంజెక్టర్ పాడైపోవచ్చు.

యూరియా గురించి చెప్పకుండా ఉండలేను. కొన్ని బండ్లకు, పెద్ద లారీలకు పొగలోని విషవాయువులు తగ్గించే ఆడ్‌బ్లూ అనే ద్రవం పోయడానికి నీలం మూత ట్యాంకు వేరే ఉంటుంది. అది శుద్ధి చేసిన నీళ్లలో 32.5 శాతం యూరియా. ఈ మాట వినగానే మా దగ్గర ఒక లారీ ఓనరు, ఇంట్లో పొలానికి తెచ్చిన యూరియా బస్తా ఉంది కదా అని బోరునీళ్లలో కలిపి పోశాడు. 2015 నుంచి మన దేశంలో రైతుకు అమ్మే యూరియా అంతా వేపపూత పట్టించిందే. ఆ వేపనూనె, బోరునీళ్లలోని ఉప్పులు కలిసి పంపులో, గొట్టాల్లో తెల్లగా గడ్డకట్టాయి. నేనే చూశాను, కొబ్బరి కోరులా ఉంది. బస్తా యూరియా మిగిలింది, పంపు ఖర్చు వేలల్లో అయ్యింది. రైతు కోసం సబ్సిడీతో వచ్చే యూరియాను ఇలా వాడటం నేరం కూడా. ఆయన చదువుకున్న మనిషే, చెడ్డవాడు కాదు. ఆడ్‌బ్లూ అంటే ఏమిటో ఆయనకూ ఎవరూ చెప్పలేదు, అంతే.

ఇక మార్పుల సంగతి. దీన్లో నా తప్పు ఒప్పుకుంటున్నాను. మా బండికి కంపెనీ చెప్పిన లోడు 1,300 కిలోలు. క్రేటు నిండా పోస్తే కాయ 25 కిలోల పైనే ఉంటుంది, అంటే యాభై క్రేట్లకే హద్దు వచ్చేస్తుంది. కానీ దళారీ ఎనభై ఎక్కించుకోమంటాడు, ఎక్కించుకోకపోతే పక్కవాడు ఎక్కించుకుంటాడు, కిరాయి క్రేటు లెక్కన కాబట్టి మనకూ ఆశే. ఎనభై అంటే రెండు టన్నులు. అందుకని అందరూ కమాన్ కట్టల్లో, అంటే తొట్టి కింద బరువు మోసే స్ప్రింగుల్లో, ఎక్స్‌ట్రా పట్టీలు వేయిస్తారు. నేనూ పక్కకు రెండు చొప్పున వేయించాను, తొట్టికి పైన ఇనప ఫ్రేము కట్టించాను.

మొదట ఫ్రేము గురించి. బాడీ షెడ్డులో వెల్డింగ్ పెట్టేటప్పుడు బ్యాటరీ తీగ విప్పలేదు. పాత బండికి అలా ఎన్నిసార్లు పెట్టినా ఏమీ కాలేదు కాబట్టి నాకూ తట్టలేదు, ఆ వెల్డింగ్ మేస్త్రీకీ తట్టలేదు. తాళం తిప్పితే బండి స్టార్ట్ కాలేదు, ఇంజన్‌ని నడిపే కంప్యూటర్‌లో ఏదో పోయింది. ఆ మేస్త్రీ పనితనం గొప్పది, విజయవాడ ఆటోనగర్లో పదేళ్లు లారీ బాడీలు కట్టి వచ్చాడు. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ మైనస్ తీగ విప్పాలన్న కాగితం ఒకటి ఆ షెడ్డు గోడకు అతికించి ఉంటే చాలు. ఎల్‌ఈడీ లైట్లు, పెద్ద హారన్ల కోసం వైరింగ్ కోసి అతుకులు వేయించేవాళ్లకూ ఇదే చెబుతున్నాను, ఆ అతుకుల దగ్గరే షార్ట్ అయ్యేది.

పట్టీల సంగతి ఇంకా భయంకరం. భాకరాపేట ఘాట్ దిగుతూ తిరుపతి వైపు వెళ్తున్నాను, లోడు మామూలే, అంత ఎక్కువ కూడా కాదు. నాలుగో మలుపుకే ముందు చక్రాల నుంచి కాలిన వాసన, బ్రేకు పెడల్ మెత్తగా అయిపోయి ఇంకా ఇంకా కిందికి పోతోంది. సెకండు గేరులో పెట్టి, దేవుడి దయ వల్ల ఒక వెడల్పాటి చోట ఆపగలిగాను. చేతుల వణుకు చాలాసేపు తగ్గలేదు. తర్వాత పీలేరులో ఒక పెద్దాయన, ముసలి మెకానిక్, బండి కింద పడుకుని నన్ను కూడా పిలిచి చూపించాడు. వెనక ఇరుసు నుంచి పైకి ఒక సన్నని కడ్డీ వెళ్లి చిన్న వాల్వుకు తగిలి ఉంది. తొట్టి ఎంత కిందికి దిగితే అంత లోడు ఉందని ఆ కడ్డీ వాల్వుకు చెబుతుంది, వాల్వు వెనక బ్రేకులకు అంత ఒత్తిడి పంపుతుంది. నేను పట్టీలు వేయించాక తొట్టి కిందికి దిగడమే మానేసింది. బండిలో టన్నున్నర ఉన్నా వాల్వు లెక్క ప్రకారం బండి ఖాళీ. వెనక బ్రేకులు సగం పనే చేస్తున్నాయి, భారమంతా ముందు చక్రాల మీదే పడింది. "బండి గట్టిపడిందని నువ్వనుకున్నావు నాయనా, దాని చెయ్యి కట్టేశావు" అన్నాడాయన. మర్నాడే పట్టీలు తీయించేశాను.

చట్టం ఏం చెబుతుందో కూడా నాకు అప్పటిదాకా తెలియదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో, కంపెనీ లెక్కలో ఉన్న వివరాలు మారేలా బండిని మార్చకూడదు, సుప్రీంకోర్టు కూడా 2019 జనవరిలో ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరించిన చట్టంలో ఒక్కో మార్పుకు 5 వేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ ఉన్నాయి. ఓవర్‌లోడ్‌కి 20 వేలు, ఆపైన అదనపు టన్నుకు 2 వేలు. జరిమానా వేయండి, తప్పులేదు. కానీ ఎనభై క్రేట్లు ఎక్కించమనే దళారీకి ఎందుకు లేదు జరిమానా? రోడ్డు మీద మమ్మల్ని ఆపే బదులు మండీ గేటు దగ్గరే తూకం పెట్టి, హద్దు దాటిన బండిని లోపలికి రానివ్వకపోతే ఒక్క వారంలో అందరం దారికొస్తాం, ఎందుకంటే అప్పుడు పక్కవాడు ఎక్కించుకుంటాడనే భయం ఎవరికీ ఉండదు.

మేం అడిగేవి పెద్ద కోరికలేం కావు. 2016 నుంచి మన శ్రీసిటీలో ఇసుజు పికప్‌లు తయారవుతున్నాయి, జహీరాబాద్‌లో మహీంద్రా ఫ్యాక్టరీ ఉంది. బండి మన నేల మీద తయారైనప్పుడు దాని పుస్తకం మన భాషలో రావడానికి అడ్డమేంటి? ఏ కంపెనీ అయినా సరే, బండితో పాటు పది పేజీల తెలుగు పుస్తకం ఇవ్వాలి, డెలివరీ రోజు ఫొటోలు అయ్యాక ఒక గంట కూర్చోబెట్టి లైట్లు, ఆయిల్, డీపీఎఫ్ గురించి చెప్పాలి. ఊళ్లో మెకానిక్‌లకు కంప్యూటర్ తగిలించి తప్పు చదివే మిషన్లు, దానితో పాటు శిక్షణ అందాలి. చాలా ఐటీఐల్లో డీజిల్ మెకానిక్ ట్రేడ్ ఉంది, పిల్లలకు చెప్పే సార్లే ఆదివారాలు మా చింతచెట్టు మెకానిక్‌లాంటి వాళ్లకు నాలుగు క్లాసులు చెప్పలేరా? ఆయనకు చెవితో ఇంజన్ వినడం వచ్చు, ముప్పై ఏళ్ల అనుభవం ఉంది, ఇప్పుడు పని లేక షెడ్డులో పంక్చర్లు వేస్తున్నాడు. బండి చెడిపోతే మేం నలభై, యాభై కిలోమీటర్లు లాక్కెళ్లాలి. ఇద్దరికీ నష్టమే. రవాణా శాఖ వాళ్లు కూడా, మేం ఎఫ్‌సీకి వచ్చినప్పుడు ఎలాగూ గంటలు గంటలు కూర్చుంటాం కాబట్టి, ఆ గోడల మీద ఈ నాలుగు విషయాలూ బొమ్మలతో రాయించవచ్చు.

మీ పత్రికకు కూడా ఒక మనవి. వ్యవసాయం పేజీలో పురుగుమందుల గురించి, డ్రిప్ గురించి చక్కగా వేస్తారు, రైతులు కత్తిరించి దాచుకుంటారు. అలాగే నెలకోసారి లోడు బండ్ల గురించి ఒక చిన్న శీర్షిక పెట్టండి. పంటను మండీకి చేర్చేది మేమే కదా.

ఆ సర్వీస్ సెంటర్ కుర్రాడు చెప్పింది విన్నాక నేను ఒక అట్ట మీద డ్యాష్‌బోర్డు లైట్ల బొమ్మలు గీసి, ఒక్కోదాని పక్కన తెలుగులో "తోలుతూ ఉండు", "వెంటనే ఆపు", "సర్వీసుకు పో" అని రాసి స్టీరింగ్ పక్కన అతికించాను. మా కుర్రాడు ఇప్పుడు లైటు వెలగగానే ముందు ఆ అట్ట చూస్తాడు. మండీలో పదకొండు మంది డ్రైవర్లు దాన్ని సెల్‌ఫోన్లో ఫొటో తీసుకున్నారు. బొమ్మలు అంత బాగా రాలేదు గానీ అర్థమవుతాయి. ఆ ఫొటో ఈ లేఖతో పంపుతున్నాను, చోటుంటే వేయండి.

ఇట్లు,
ఒక పికప్ బండి ఓనరు,
మదనపల్లె